వేర్లు కడిగే పిన్ని

పిన్ని చెయ్యి మంచిదని రాశారు. ఆవిడ ఏది నాటినా బతికేదని, మొక్కలతో ముద్దుముద్దుగా మాట్లాడేదని, అడిగినవాళ్ళందరికీ నవ్వుతూ విత్తనాలు పంచేదని రాశారు. నరసరావుపేటలో మిద్దెల మీద కూరగాయలు పెంచుకునేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. మొన్న ఎండాకాలంలో ఆవిడ గుండెపోటుతో పోయిన రోజు, సాయంత్రానికల్లా ఫొటోకి దండ వేసి, ఈ మాటలు కింద పెట్టి, దణ్ణం బొమ్మలు వరసగా పేర్చారు. ఎదురింట్లో ఉండి ఏళ్ళ తరబడి ఆవిడ్ని చూసినవాణ్ణి నేను. అందులో ఒక్క మాట కూడా నిజం కాదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. మా అమ్మని అక్కా అనేది కాబట్టి నాకు పిన్ని, అంతే. భర్తకి లారీలుండేవి. కూరగాయలు పండించుకుని తినాల్సిన అవసరం ఆ ఇంటికి ఏనాడూ లేదు. మెడలో లావుపాటి గొలుసు, ఇస్త్రీ చీర, ఆ చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మోచేతుల దాకా మట్టి. ఆ మట్టిచేత్తోనే కళ్ళజోడు సర్దుకునేది. అందుకని ఆవిడ ఎడమ అద్దం మీద ఎప్పుడూ ఒక వేలిముద్ర ఉండేది. ఆ వేలిముద్రలోంచే లోకాన్ని చూసేది. గ్రూపులో పెట్టిన ఫొటోలో ఆ అద్దాన్ని ఎవరో తుడిచేశారు. ఫోనులో అలాంటివి చేయొచ్చట.

మొక్కలతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మనుషుల్ని తిట్టటం మాత్రం రోజూ విన్నాను. మా ఆవిడ పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్ళు పోస్తుంటే వీధిలోంచే అరిచింది. "ఏమే, దానికి దాహం వేసిందని నీకెవరు చెప్పారే? వేలు పెట్టి చూశావా?" అప్పట్నుంచి మా ఇంట్లో నీళ్ళు పోసే ముందు వేలు మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడటం అలవాటైంది. తడి తగిలితే చెంబు కింద పెట్టేయాలి. ఈ ఊళ్ళో నీళ్ళు చాలక చచ్చిన మొక్కల కన్నా నీళ్ళెక్కువై చచ్చినవే చానా అని ఆవిడ అనేది. ఎండలకి భయపడి మనవాళ్ళు ముంచేస్తారట. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ అవగానే మిద్దె మీద పాత చీరలు పందిరిగా కట్టేది. నీళ్ళు పెంచటం కాదు, నీడ పెంచాలని.

ఇక ఏది నాటినా బతికేదన్న మాట. ఆవిడ ఇంట్లో కరివేపాకు బతికేది కాదు. ఎన్ని తెచ్చిందో, ఎక్కడెక్కడి నర్సరీల నుంచి తెచ్చిందో ఆవిడకే తెలియదు. కొన్ని కుండీలో మాడాయి, కొన్ని నేలలో కుళ్ళాయి. ఒక్కటీ నిలబడలేదు. పులుసు పెట్టిన రోజు మా గేటు దగ్గరికొచ్చి చెయ్యి చాచేది. మా పెరట్లో ఎవరూ పట్టించుకోని కరివేపాకు చెట్టు గోడ మీదుగా అవతలికి వాలి ఉండేది. "మీరేం చెయ్యరు, అది పెరుగుద్ది. నేను అన్నీ చేస్తా, అది చచ్చుద్ది. ఎందుకో నాకు అర్థం కావట్లా" అనేది. అర్థం కావట్లేదని నలుగురిలో చెప్పటానికి ఆవిడకి నామోషీ లేదు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. అయినా ఏది నాటినా బతికేదని రాశారు.

నవ్వుతూ విత్తనాలు పంచటం కూడా అబద్ధమే. విత్తనాలడిగితే ముందు మట్టి తెమ్మనేది. ఎవరింటి మట్టి వాళ్ళు, తడిపి, గుప్పెడు పట్టుకురావాలి. గేటు దగ్గరే నిలబెట్టి, ఆ మట్టిని పిడికిట్లో బిగించి తెరిచేది. అరచేతిలో ముద్దగా నిలిచిన దాన్ని బొటనవేలితో పొడిచేది. పొడవగానే పొడిపొడిగా విరిగితే లోపలికెళ్ళి గింజలు తెచ్చేది. లడ్డూలా అలాగే ఉండిపోయినా, అసలు ముద్దే కట్టకుండా ఇసుకలా జారిపోయినా గింజలు లేవు. దాంట్లో ఏం కలపాలో చెప్పి పంపేది. రేగడైతే ఎర్రమట్టి, కాస్త ఇసుక, వాసన పోయేదాకా మాగిన గేదెల ఎరువు. పచ్చిపేడ తెచ్చినవాళ్ళకి మాత్రం తిట్లే. దాంట్లో వేడి, దాని వెనక పురుగులు.

మట్టి కుదిరినా అడిగిన గింజలు ఇచ్చేది కాదు. కొత్తవాళ్ళందరూ టమాటా అడుగుతారు. ఆవిడ గోంగూర ఇచ్చేది. "ముందు ఇది పెట్టు. గోంగూరని కూడా చంపగలిగావంటే అప్పుడు రా, మాట్లాడుకుందాం." గోంగూర కోసుకున్నాక బెండ. బెండ గింజలు రాత్రి నానబెట్టి, గోరు మునిగేంత లోతులో పెట్టమనేది. అంతకన్నా లోతు పెడితే పాతిపెట్టినట్టేనట. ధనియాల్ని అప్పడాల కర్రతో రెండు బద్దలయ్యేలా నలిపి చల్లమనేది. బీరకాయ విత్తనానికి తీగ మీద అన్నిటికన్నా మంచి కాయని వదిలి, అది అక్కడే ఎండి గలగలలాడేదాకా ఆగమనేది. మంచి కాయని కూరకి కోసుకుని, పనికిరానిది విత్తనానికి వదిలే ఇల్లాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. మిరపతోటలో కొట్టగా మిగిలిన మందు తెచ్చి మిద్దె మీద వంగమొక్కలకి కొట్టిన ఒకాయన గేటు ముందు నిలబడి, ఆ వంకాయ ముందు నువ్వు తిని చూపించు, తరవాత నీ బిడ్డలకి పెడుదువు అని వీధంతా వినేట్టు అంది. ఆయన ఆ మొక్కలు పీకేశాడు. ఆవిడతో మాటలు కూడా మానేశాడు. ఇన్ని ఆంక్షలు పెట్టినందుకు వీధిలో ఆవిడకి పిసినారని పేరు పడింది. ఇప్పుడేమో నవ్వుతూ పంచిందట.

నా మట్టి సంగతి చెప్పకపోతే ఇదంతా ఇతరుల మీద చాడీలవుతుంది. లాక్‌డౌన్ ఎత్తేశాక ఊరంతా మిద్దెల మీద మట్టిసంచుల్లో మొక్కలు పెట్టింది. గురజాల వైపు మాకు నల్లరేగడి పొలముంది. పత్తికీ మిరపకీ పేరున్న నేల. నర్సరీవాడి మట్టి నేనెందుకు కొంటాను, మా పొలం మట్టే తెప్పించాను. ట్రాక్టరు వచ్చి ఇంటిముందు ఆగితే నాకదో గొప్ప. సంచులన్నీ నింపి గింజలు వేశాను. నీళ్ళు పోస్తే పైన బురద, లోపల పొడి. ఆరితే నెర్రెలు. మొలకలు మెడలు విరిగి పడిపోయాయి.

పిన్ని పైకొచ్చి ఇంటి తాళంచెవి తీసి ఒక సంచిలో గుచ్చింది. అది దిగలేదు.

"ఇదేందిరా, గచ్చు చేయించావా?"

మా పొలం మట్టి పిన్నీ అన్నాను. మా ప్రాంతంలో ఒకరి నేలని తక్కువ చేయటమంటే వాళ్ళ తాతని తిట్టినట్టే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "నీ నేలని నేనేమనట్లేదురా. పొలంలో అయితే దీని కింద ఇంకా నేలుంది, నీళ్ళు దిగుతయ్యి. సంచిలో ఎక్కడికి పోతయ్యి? నేనంటన్నది నీ సంచిని." అంత మెత్తగా ఆవిడ ఎవరితోనూ మాట్లాడటం నేను వినలేదు. అయినా నాకు కోపమొచ్చింది. మా నేల బాగాలేదందని మా ఆవిడతో అన్నాను, ఆఫీసులో అన్నాను. కొన్నాళ్ళకి ఎవరికీ చెప్పకుండా ఎర్రమట్టీ ఎరువూ తెచ్చి కలిపాను. మొక్కలు లేచాయి. ఆ లేవటం మా పొలం మట్టి మహిమేనని చెప్పుకున్నాను.

ఇంతవరకూ చెప్పింది గ్రూపువాళ్ళ మాటలకి జవాబు. వాళ్ళు అసలు రాయని సంగతి ఒకటుంది. దానికోసమే ఇది రాస్తున్నాను.

పిన్ని చచ్చిన మొక్కల్ని అడిగి తీసుకునేది. ఎవరి ఇంట్లో మొక్క ఎండినా, "పారెయ్యమాకండి, నాకియ్యండి" అనేది. తన గేటు పక్కన కుళాయి కింద వేర్లకున్న మట్టి మెల్లగా కడిగి, తెల్ల పింగాణీ పళ్ళెంలో పరిచి, ఎండలో పెట్టి చూసేది. నల్లగా జిగురుగా ఉంటే నీళ్ళెక్కువై కుళ్ళింది. చుట్లుచుట్లుగా తిరిగి ఉంటే కుండీ చాలలేదు. బుడిపెలుంటే కంటికి కనపడని పురుగు, ఆ మట్టి మళ్ళీ వాడకూడదు. కొరికేసి ఉంటే పచ్చిపేడలో వచ్చిన పురుగు. చూసి, ఆ ఇంటికెళ్ళి చెప్పేది, తిట్టి మరీ చెప్పేది. "బతికింది ఏం చెప్పదురా. చచ్చిందే చెప్పుద్ది" అని ఒకసారి నాతో అంది. తన కరివేపాకు మొక్కల వేర్లు కూడా అలాగే కడిగేది. వాటి దగ్గర మాత్రం చాలాసేపు కూచునేది.

ఇందులో దాపరికం లేదు. వీధిలో అందరూ చూస్తుండగా, పట్టపగలు చేసేది. అయినా చచ్చిన మొక్క వేర్లు అడిగి పట్టుకెళ్ళి కడిగే మనిషిని చూస్తే మనవాళ్ళకి ముందు చేతబడే తడుతుందని చెప్పనక్కర్లేదు. గుసగుసలు ఎప్పట్నుంచో ఉన్నాయి. అవి గుసగుసలుగానే ఉండేవి. నేను వాటికి గొంతిచ్చాను.

మా అమ్మ తులసి ఎండిపోయింది. కోటలో ఏళ్ళ తరబడి ఉన్న మొక్క. అమ్మ దాని ముందు కూచుని కళ్ళు తుడుచుకుంటోంది. కాలవలో కలపటానికి దాన్ని పళ్ళెంలో పెట్టి నేను గేటు తీస్తున్నాను. పిన్ని రోడ్డు దాటి వచ్చింది.

"అక్కా, కాలవలో వెయ్యటానికి తొందరేముందే. ఒక్కసారి నాకియ్యి, చూసి ఇస్తా."

అమ్మ మొహం పాలిపోయింది. పూజ చేసుకున్న తులసి అది. వీధిలో పాలవాడు, ముగ్గులేస్తున్న ఆడవాళ్ళు అందరూ చూస్తున్నారు. నేను వీధంతా వినపడేంత గట్టిగా అన్నాను.

"మా ఇంటి వేర్లతో నీకేం పని పిన్నీ?"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. అద్దం మీద ఇంకో ముద్ర పడింది. వెనక్కి తిరిగి రోడ్డు దాటి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ మాట నాకంటే ముందు వీధి చివరికి చేరింది. ఉద్యోగం చేసేవాడు, చదువుకున్నవాడు, అతనే అన్నాడంటే ఏదో ఉంటుందన్నారు. ఆవిడ వీధిలో నడుస్తుంటే ఆడవాళ్ళు కుండీలు లోపలికి జరుపుకున్నారు. ఎండిన మొక్కల్ని సంచిలో మూటకట్టి చెత్తబండివాడి చేతికందించారు. ఆవిడ కన్ను మంచిది కాదన్నారు. పక్క వీధిలో ఒక మేడమ్, మిద్దె మీద మంచి తోట ఉన్నావిడ, పిన్ని మిద్దెకి ఎదురుగా మొహం పెట్టి దిష్టిబొమ్మ కట్టించింది. పిన్ని దాన్ని చూసి, ఎండకి దాని మొహం పగులుద్ది, దానిక్కూడా ఒక చీర అడ్డం కట్టమని చెప్పండి అందట. నవ్వుతూ అందని చెప్పారు. నవ్విందో లేదో నేను చూడలేదు. కుళాయి పక్కన పింగాణీ పళ్ళెం మాత్రం ఆ తరవాత మాయమైంది.

ఇప్పుడు గ్రూపులో "పిన్నిగారి చెయ్యి మంచిది" అని రాసింది ఆ మేడమే. గ్రూపు నడిపేదీ ఆవిడే.

మంచి చెయ్యి అన్నా, చెడ్డ కన్ను అన్నా ఒక్కటే. రెండిట్లోనూ మట్టి లేదు, నీళ్ళు లేవు, వేలు గుచ్చి చూడటం లేదు. ఆవిడ పడ్డ కష్టం లేదు, ఓడిపోవటం లేదు. రెండిట్లోనూ మనం నేర్చుకోవాల్సిన పని లేదు. బతికుండగా ఆ మాటతో అవమానించారు, పోయాక ఈ మాటతో అవమానిస్తున్నారు. దండ వేశారు కాబట్టి రెండోది మర్యాదలా కనపడుతోంది.

మాతో మాటలు తెంపుకోలేదు పిన్ని. కరివేపాకుకి వస్తూనే ఉంది. గేటు దాటి మాత్రం లోపలికి రాలేదు. రోడ్డు మీదనుంచే, "తులసి ఇయ్యకపోతే పోయే, కరివేపాకన్నా ఇయ్యండే" అనేది. మా ఆవిడ తల దించుకుని రెమ్మలు తుంచి ఇచ్చేది. నేను ఇంట్లోంచి బయటికి వచ్చేవాణ్ణి కాదు.

పోయిన వానాకాలంలో ఒక రోజు నేను గేటు దగ్గర దొరికిపోయాను. ఆవిడ రెమ్మలు అడగలేదు. మా చెట్టు మొదట్లో లేచిన పిలక వైపు చూపించింది.

"ఒరేయ్, అది నాకు తవ్వి ఇస్తావా? వేరుతో సహా కావాలి మరి."

నేను గడ్డపార తెచ్చాను. వేరు తెగకుండా చుట్టూ తవ్వి, మట్టితోనే లేపి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చాను. అప్పుడడిగాను, ఆ తులసి ఎందుకు చచ్చిందో నీకు తెలుసా పిన్నీ అని. ఆవిడ గుడ్డమూటని చంటిబిడ్డలా భుజాన వేసుకుంది.

"చూడనియ్యలేదు గదరా. నాకెట్టా తెలుసుద్ది?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే చూడకుండా చెప్పలేనంది. అంతకుమించి ఆ విషయం మా మధ్య రాలేదు.

ఆ పిలకని అంచు విరిగిన మట్టికుండలో పెట్టింది. ఈసారి అది బతికింది. చలికాలం పోయేసరికి లేత ఎరుపు చిగుళ్ళు వేసింది. పిన్ని ఒక రెమ్మ తుంచి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి, "మీ కరివేపాకు మీకే ఇస్తన్నా అక్కా" అంది. గేటు దాటి లోపలికొచ్చి మరీ పెట్టింది. ఆ తరవాత రెండు నెలలు కూడా లేదు.

పెద్దకర్మ రోజు కల్యాణమండపంలో గ్రూపువాళ్ళు సంతాపం పెట్టారు. ఒక్కొక్కరూ మైకు పట్టుకుని ఆవిడ చేతి గురించి, చిరునవ్వు గురించి చెప్పారు. ఎదురింటివాడినని నన్నూ పిలిచారు. నేను వేర్ల సంగతి మొదలుపెట్టాను. ఆవిడ వేర్లు ఎందుకు కడిగేదో, మనం ఏమనుకున్నామో, ఆ అనుకోవటాన్ని గేటు దగ్గర పైకి అన్నవాణ్ణి నేనేనని చెప్పబోతుంటే మేడమ్ పక్కకొచ్చి మైకు మీద చెయ్యి వేసింది. "అయ్యన్నీ ఇప్పుడెందుకులెండి, బాగుండదు" అంది. ఎవరికి బాగుండదో నేను అడగలేకపోయాను. మాచర్ల నుంచి వచ్చిన పిన్ని కూతురు ముందు వరసలో కూచుని నా వైపే చూస్తోంది. తరవాత భోజనాల దగ్గర తనని పక్కకి పిలిచి, ఆపిన చోటు నుంచి మొత్తం చెప్పాను. తను విస్తరి వైపే చూస్తూ విని, "అమ్మ ఆ పళ్ళెం బీరువా మీద పెట్టింది అన్నయ్యా. ఎందుకు పెట్టిందో మాకు చెప్పలేదు" అంది. సాయంత్రం దాన్ని తెచ్చి మా ఇంట్లో ఇచ్చి వెళ్ళింది.

పిన్ని కుండీలని గ్రూపువాళ్ళు గుర్తుగా తలా ఒకటి తీసుకెళ్ళారు. కరివేపాకుని మేడమ్ పట్టుకెళ్ళింది. నాలుగు వానలు పడ్డాక గ్రూపులో ఫొటో పెట్టింది. ఆకులన్నీ రాలి పుల్ల మిగిలింది. ఆ చెయ్యి పోయింది, మొక్కా వెంటే పోయిందని కింద రాసింది. మళ్ళీ దణ్ణం బొమ్మలు.

నేను అప్పుడే వాళ్ళింటికి వెళ్ళాను. మొక్క నీలిరంగు పూల పింగాణీ కుండీలో ఉంది. హాల్లో, పిన్ని ఫొటో పక్కన. మట్టికుండ బాగాలేదని మార్చిందట.

"దీనికి కింద బెజ్జం ఉందా మేడమ్?"

"లేదండీ. బెజ్జముంటే నీళ్ళు కారి టైల్స్ పాడవుతాయి గదా. రోజూ నేనే పోసేదాన్ని, పనిమనిషిని కూడా ముట్టనివ్వలేదు."

దాన్ని పారెయ్యమాకండి, నాకివ్వండి అన్నాను. ఆవిడ ఒక్కక్షణం నా మొహం వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మా అమ్మ తులసి పళ్ళెంతో నేను గేటు దగ్గర నిలబడ్డప్పుడు నా మొహంలో ఉన్నది అదే. అయినా ఇచ్చింది.

మర్నాడు పొద్దున మా గేటు పక్కన కుళాయి తిప్పి వేర్లు కడిగాను. పాలప్యాకెట్లకి వెళ్ళేవాళ్ళు, ముగ్గులేసేవాళ్ళు చేతులాపి చూశారు. చూడనిచ్చాను. పిన్ని పళ్ళెంలో పరిస్తే వేర్లు నల్లగా, పట్టుకుంటే తోలు ఊడి వచ్చేట్టున్నాయి. కుళ్ళిన వాసన. మా ఇంటి వేర్లే అవి.

అమ్మ అరుగు మీదనుంచి చూస్తోంది. ఏందిరా అది అంది. పిన్ని కరివేపాకు, నీళ్ళు పోయే దారి లేక కుళ్ళిందని చెప్పాను. అమ్మ మెల్లగా దిగి వచ్చి, పళ్ళెం మీదికి వంగి, చాలాసేపు చూసింది.

"నేను తులసికి రోజూ పాలు పోసేదాన్ని గదరా. అది కూడా ఇట్టాగే కుళ్ళిందంటావా?"

"చూడనియ్యలేదు గదమ్మా" అన్నాను.